ఫారం పక్కన పెట్టు, ముందు పిల్లల్ని అడుగు

ప్రశ్న: అక్కా, నేను బెంగళూరులో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చేస్తున్నా. అమెరికా పల్లెల్లో నల్లజాతి స్టూడెంట్సే వాళ్ల ఊరి సమస్యల మీద రీసెర్చ్ చేసే పద్ధతి గురించి క్లాసులో చెప్పారు. వర్తూరు వైపు షెడ్లలో ఉండే మన కర్నూలు, అనంతపురం బేల్దారి వాళ్ల పిల్లలతో అలాంటిదే చేద్దామని 40 ప్రశ్నల ఫారం రెడీ చేశా, వాళ్లు ఇల్లిల్లూ తిరిగి నింపితే చాలు కదా? మా గైడేమో పిల్లలు రాసుకొచ్చింది డేటా ఎట్లవుతుంది అంటున్నారు.
– ఒక స్టూడెంట్, బెంగళూరు

జవాబు: చాలదమ్మా. ఫారం నీది, ప్రశ్నలు నీవి, ఎండలో తిరిగేది మాత్రం పిల్లలు, దాన్ని వాళ్ల రీసెర్చ్ అంటే నేను ఒప్పుకోను. అక్కడ ఈ పద్ధతికి అంత విలువ ఎందుకో చూడు. అలబామాలో మేకన్ కౌంటీ అని ఉంది, అక్కడ కౌలుకి సేద్యం చేసుకునే నల్లవాళ్లు సుమారు 600 మంది మీద 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖే సిఫిలిస్ అనే సుఖవ్యాధి మీద స్టడీ నడిపింది, రోగం ఉన్నది 399 మందికి, వాళ్లకి రోగం పేరు కూడా సరిగ్గా చెప్పలేదు, దాన్ని నయం చేసే పెన్సిలిన్ మందు వచ్చాక కూడా ఇవ్వకుండా ఊరికే చూస్తూ రాసుకున్నారు. అట్లాంటివి పడ్డ జనం బయటోళ్లు ఫారం పట్టుకొస్తే ఎందుకు నమ్ముతారు చెప్పు? ఇంకోవైపు 1964 ఎండాకాలంలో మిసిసిపీ రాష్ట్రంలో నల్లపిల్లల కోసం ఫ్రీడమ్ స్కూళ్లని పెట్టారు, అక్కడ మీ బడికీ తెల్లపిల్లల బడికీ తేడా ఏంటి, ఎందుకు అని పిల్లల్నే అడిగి ఆలోచింపజేశారు, ఆ పిల్లలు సొంతంగా పత్రికలు కూడా తీశారు.

నువ్వూ ముందు వాళ్లతో కూర్చుని ఇక్కడ మీకేం కష్టంగా ఉందిరా అని అడుగు. నీళ్ల ట్యాంకర్ అన్నారనుకో, అది ఎన్నింటికొచ్చింది, ఏ షెడ్ల వరసకి ఎన్ని బిందెలు దొరికాయి, ఎవరు బడి మానేసి క్యూలో నిలబడ్డారు, ఇవి నోట్‌బుక్‌లో ఎట్లా రాయాలో కూడా వాళ్లే తేల్చుకుంటారు, షెడ్ల సంగతి నీకంటే వాళ్లకే బాగా తెలుసు. గైడ్ గారి అనుమానం తప్పేం కాదు, దానికీ దారుంది, ఒకే ట్యాంకర్‌ని ఇద్దరు విడివిడిగా రాసి తర్వాత పోల్చుకుంటే ఎక్కడ తేడా వచ్చిందో బయటపడుతుంది.

లెక్క తేలాక థీసిస్ కంటే ముందు షెడ్లలో అందర్నీ కూర్చోబెట్టి తెలుగులో పిల్లల చేతే చదివించు. ఎవరి పేరైనా, ఫొటో అయినా పెట్టేముందు ఆ పిల్లల్నీ అమ్మానాన్నల్నీ అడుగు, ఎందుకంటే కాంట్రాక్టర్‌కి కోపమొస్తే షెడ్డు ఖాళీ చేయాల్సొచ్చేది వాళ్లే.