రెస్టారెంట్ కంపెనీ లెక్క చూసేటప్పుడు

చి. అమ్మాయికి,

రెస్టారెంట్ కంపెనీ మీద రిపోర్ట్ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. పాత షాపుల దగ్గర మొదలుపెట్టు.

ఒకసారి నేను మొత్తం అమ్మకం పెరిగిందని మురిసిపోయి ఒక కంపెనీ షేర్లు కొన్నాను. నిరుడు 100 షాపులు, అమ్మకం 100 అనుకో. ఈ ఏడు 130 షాపులు, అమ్మకం 115. పదిహేను శాతం పెరిగినట్టే కదా! కొత్త 30 షాపులు తెచ్చిన 20 పక్కన పెట్టి చూడు, పాతవాటికి మిగిలింది 95. కొత్తవి తెరవడం ఆపిన రోజు బండారం బయటపడుతుంది. నా డబ్బు అలాగే పోయింది.

అందుకే ‘సేమ్ స్టోర్ సేల్స్’, అంటే పాత షాపుల అమ్మకం మాత్రమే చూపే అంకె వెతుకు. అది పెరిగిందని చెప్పినా ఊరుకోకు, ధరలు ఎంత పెంచారో కనుక్కో. ధరలు 6 శాతం పెంచి అమ్మకం 4 శాతమే పెరిగిందంటే జనం తగ్గారు, లేదా వచ్చినవాళ్లు తక్కువ ఆర్డర్ చేస్తున్నారు.

అద్దె సంగతి ఇంకో తిరకాసు. ఐఎఫ్ఆర్ఎస్ 16 అనే అంతర్జాతీయ లెక్కల నియమం పాటించే కంపెనీల్లో 2019 నుంచి షాపు అద్దెలో చాలా భాగం అద్దె పేరుతో కనిపించదు. తరుగుదల, వడ్డీ అని రెండుగా విడిపోతుంది. ఎబిటా అనేది ఆ రెండూ, పన్నూ తీయకముందు లాభం కాబట్టి బొద్దుగా కనిపిస్తుంది. క్యాష్ ఫ్లో పట్టికలో లీజు చెల్లింపులు ఉంటాయి, ఎబిటాలోంచి వాటిని నువ్వే తీసేసి చూసుకో.

ట్రేడ్‌మార్క్ విషయంలో ముందు పేరు ఎవరి సొత్తో చూడు. కంపెనీదే అనుకుంటాం, తీరా రిజిస్టర్ తెరిస్తే ప్రమోటర్ల సొంత సంస్థ పేరున ఉండొచ్చు. అప్పుడు ఏటా రాయల్టీ అటు పోతుంది. ట్రేడ్‌మార్క్‌ని సరుకు, సేవల రకాన్ని బట్టి క్లాసుల వారీగా రిజిస్టర్ చేస్తారు. రెస్టారెంట్ సేవలకు 43వ క్లాసు. ప్యాకెట్లలో పెట్టి అమ్మాలనుకుంటే 29, 30 లాంటివీ కావాలి. పైగా హక్కు ఏ దేశానికి ఆ దేశమే. బర్గర్ కింగ్ 1971లో ఆస్ట్రేలియా వెళ్లేసరికి ఆ పేరు అడిలైడ్‌లో ఒక చిన్న షాపువాళ్లు ముందే రిజిస్టర్ చేసుకున్నారు. అక్కడ ఇప్పటికీ బోర్డు మీద హంగ్రీ జాక్స్ అనే ఉంటుంది.

పోటీదారులను పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. మెక్‌డొనాల్డ్స్ షాపుల్లో దాదాపు 95 శాతం ఫ్రాంచైజీలవే, అంటే ఆ పేరు వాడుకుని వేరేవాళ్లు నడిపేవే. దాని ఆదాయంలో పెద్ద భాగం వాళ్లు కట్టే అద్దె, రాయల్టీలే. అన్ని షాపులూ తనే నడిపే కంపెనీ లాభశాతాన్ని దాని పక్కన పెడితే పాపం చిన్నబోతుంది.

ఇవన్నీ అయ్యాక ఒక రోజు కంపెనీ షాపులో పొద్దున తెరవగానే ఏదో ఒకటి కొను, రాత్రి మూసేముందు మళ్లీ కొను. బిల్లు నంబర్లు వరుసలో వేసే చోటైతే రెండింటికీ తేడా ఆ రోజు బిల్లుల లెక్క. పక్కనున్న పోటీ షాపులోనూ అదే పని చెయ్యి. రెండు రోజుల్లో తేలిపోతుంది.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న