ఒక్క లైనులో దాటేశావు, తమ్ముడూ

తమ్ముడూ,

చిలీ ఆదివాసులైన మపుచేల మీద నీ వ్యాసం చదివాను. తగలబడే లారీలతో మొదలెట్టి, అణచివేతతో సాగదీసి, పోరాటం ఆగదంటూ ముగించావు. మపుచేల పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా అది అలాగే నిలబడుతుంది. నా గొడవ అదే.

'1996లో తిరువాలో అదోల్ఫో మియాబుర్ మేయరయ్యాడు' అని, చిలీ తీరపు ఊళ్లో ఒక మపుచే మేయరైన సంగతి ఒక్క లైను రాసి వెళ్లిపోయావు చూడు, అక్కడ ఆగాలి. మన ఏజెన్సీ సర్పంచ్ పదవుల్లాగే అక్కడా రిజర్వేషన్ ఉందనుకున్నట్టున్నావు. చిలీ మున్సిపాలిటీల్లో మపుచేలకు అలాంటిదేమీ లేదు. నిలబడి, ఓట్లడిగి గెలవాలి. గెలిచాక కూర్చునేది, 1861 నుంచి 1883 దాకా సైన్యాన్ని దింపి మపుచేల నేలను కలిపేసుకున్న రాజ్యం వేసిన కుర్చీలో. ఊళ్లో పెద్దరికం మపుచేల సంప్రదాయ పెద్ద లొంకోది, ఫైలు మీద సంతకం మేయర్‌ది. ఆ ఇద్దరికీ ఎక్కడ పొసగుతుందో, ఎక్కడ చెడుతుందో రాయి.

నీళ్ల ట్యాంకర్ గురించి రాయి. తిరువా చుట్టుపక్కలంతా పైన్, యూకలిప్టస్ తోటలే. 1974లో వచ్చిన 701వ నంబరు డిక్రీ తోటల ఖర్చులో 75 శాతం సబ్సిడీగా ఇచ్చింది, పైగా భూమి పన్ను మాఫీ చేసింది. తోటలొచ్చాక బావులు ఎండిపోయాయని జనం ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వేసవిలో వాళ్ల గుమ్మానికి ట్యాంకర్ పంపాల్సింది మున్సిపాలిటీ. పన్ను రాని తోటలు ఓ పక్క, ఖాళీ బిందెలు ఓ పక్క. మధ్యలో ఉన్న మేయర్ మపుచే అయితే, 'నువ్వు మనవాడివే కదా' అని జనం నిలదీయరా?

మపుచే మేయర్లందరినీ ఒకే గాటన కట్టకు. మియాబుర్ సముద్రతీరపు లాఫ్కెన్చేల ఉద్యమం నుంచి వచ్చినవాడు. 2004లో తెముకో నగర మేయర్‌గా గెలిచిన ఫ్రాన్సిస్కో వెంచుమీయా క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీ మనిషి. ఇంకా వెనక్కి పోతే 1952లో అధ్యక్షుడు ఇబాన్యెస్ ప్రభుత్వంలో మంత్రయిన వెనాన్సియో కొన్యువేపాన్ ఉన్నాడు. రాజకీయం వాళ్లకు నిన్నా మొన్నా వచ్చింది కాదు.

గల్వరీనో మున్సిపాలిటీ 2013లో మపుచేల భాష మపుదుంగున్‌ను స్పానిష్‌తో పాటు అధికార భాషగా ప్రకటించిందని సంబరపడ్డావు. సరే. కౌంటర్ దగ్గరికొచ్చిన ముసలావిడకు ఆ భాషలో జవాబు చెప్పే గుమాస్తా ఉన్నాడా లేదా కనుక్కున్నావా?

నీ కథ 2021లో, మపుచే అయిన ఎలీసా లొంకోన్ చిలీకి కొత్త రాజ్యాంగం రాసే సభకు అధ్యక్షురాలవడంతో ఆగిపోయింది. ముగింపు చెడిపోతుందని భయపడ్డట్టున్నావు, చెడిపోనీ. 155 మందిలో 17 సీట్లు ఆదివాసులకు కేటాయించిన ఆ సభ రాసిన ముసాయిదాను 2022 సెప్టెంబర్ 4న 62 శాతం మంది ఓటర్లు కాదన్నారు. మపుచేల గడ్డ అరౌకనీయాలో కాదన్నవాళ్లు 70 శాతం దాటారు. ఎందుకన్నది రాయకుండా ఈ వ్యాసం ఎక్కడికీ పంపకు.

2024 మున్సిపల్ ఎన్నికల ఫలితాలు కమ్యూన్లవారీగా, అంటే ఒక్కో మున్సిపాలిటీకి విడిగా, దొరుకుతాయి. మపుచే ఇంటిపేర్లు ఎక్కడెక్కడ గెలిచాయో, ఏ పార్టీ గుర్తు మీద గెలిచాయో ముందు ఒక కాగితం మీద పెట్టు. ఇంటిపేరుతోనే అంతా తేలిపోదనుకో. ఆ కాగితం నాక్కూడా పంపు, తర్వాత మొదటి పేరా సంగతి చూద్దాం.

అన్నయ్య