ముందు రాయిని చూపించు

అమ్మాయీ,

సౌరకుటుంబం, భూమి పుట్టుక మీద నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. భాష బాగుంది, తప్పుల్లేవు. కానీ ‘అనాదిగా ఒక వాయుమేఘం ఉండేది’ అని ఎత్తుకుని సూర్యుడు, గ్రహాలు, పర్వతాలు, పీఠభూములు అంటూ పాఠంలా సాగిపోయావు. ఇదంతా మనుషులకు ఎలా తెలిసిందన్నది ఎక్కడా లేదు. చదివేవాళ్లకు అసలు కావలసింది అదే.

1969 ఫిబ్రవరి 8న మెక్సికోలో అయెండే అనే ఊరి దగ్గర ఒక ఉల్క ముక్కలై రాలింది. ఆ ముక్కను కోసి చూస్తే ముదురు రంగు రాతిలో తెల్లటి మచ్చలుంటాయి. కాల్షియం, అల్యూమినియం దండిగా ఉన్న ఆ మచ్చలు, పసి సూర్యుడి చుట్టూ తిరిగిన వేడి వాయువు చల్లారుతుంటే అన్నిటికన్నా ముందు గట్టిపడిన పదార్థం. యురేనియం ఎప్పుడూ ఒకే వేగంతో సీసంగా మారుతుంది. ఉల్కల్లోని ఇలాంటి మచ్చల్లో సీసాన్ని కొలిచి వయసు తేల్చారు: సుమారు 456.7 కోట్ల ఏళ్లు. సౌరకుటుంబం వయసంటూ నువ్వు రాసిన అంకె ఇక్కడిదే. అంకె ఇచ్చావు, మచ్చను చూపించలేదు.

మరి భూమి సొంత రాళ్లలో అంత పాతది ఎందుకు దొరకదు? ఈ ప్రశ్న అడుగు, వ్యాసం రెండో సగం దానంతటదే నడుస్తుంది. భూమి తన పైపొరను కరిగిస్తూ, మడతపెడుతూ, అరగదీస్తూనే ఉంది. సముద్రగర్భంలో నేల ఒకచోట కొత్తగా పుడుతుంది, మరోచోట లోపలికి దిగిపోతుంది. అందుకే మహాసముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్లు దాటిన నేల దాదాపు లేదు. భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తూ కదిలే పెద్ద రాతిపలక, ఆసియాను గుద్దుకోవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే. ఆ గుద్దుడుకు పైకి లేచిన ఎవరెస్టు కొసన ఉన్న సున్నపురాతిలో సముద్రజీవుల శిలాజాలున్నాయి.

హిమాలయాలకు పేజీలిచ్చి, నువ్వుండే హైదరాబాదు బండల్ని వదిలేశావే! అవి సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు. ఎవరో పేర్చినట్టు ఒకదానిమీదొకటి నిలబడ్డ ఆ గుండ్లు ఎక్కణ్ణుంచో దొర్లుకురాలేదు. నేలలోపల ఉండగానే పగుళ్ల వెంట నీరు దిగి రాతి మూలల్ని ముందు తినేసింది, నడిమి భాగం గుండ్రంగా మిగిలింది. చుట్టూ పొడైన రాయి వానలకు కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. వెళ్లి దగ్గరగా చూడు. ఉల్లిపొరల్లా లేచిన పెచ్చుల మీద చెయ్యి పెట్టి చూడు. ఆ బండల్ని పేల్చి ప్లాట్లు వేస్తున్నారు, నాకది గుండెకోత. అవి ఉండగానే నీలాంటివాళ్లు వాటి గురించి రాయాలి.

ఇంకొకటి. ‘శాస్త్రవేత్తలు అంటున్నారు’ అని ప్రతి వాక్యానికీ తగిలించకు. సీసం లెక్క కొలిచి తేల్చిన విషయం. అంగారకుడంతటి గోళం భూమిని ఢీకొంటే చంద్రుడు పుట్టాడన్నది ఎక్కువమంది ఒప్పుకున్న ప్రతిపాదన. రెండిటినీ ఒకే గొంతుతో చెబితే పాఠకుణ్ణి మోసం చేసినట్టే.

తిరగరాసి పంపు. హిమాలయాల భాగం సగానికి తగ్గినా ఫరవాలేదు.

ఆశీస్సులతో.