బడిని బాగుచేసే పని చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: ఖమ్మంలో బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పాఠం చెప్పడంతో ఆగకుండా టీచర్లను, తల్లిదండ్రులను, యూనివర్సిటీని కలిపి సర్కారు బడిని బాగుచేసే పనిలోకి వెళ్లాలని ఉంది. ఏ కోర్సు మంచిది?

జవాబు: కోర్సు సంగతి తర్వాత. మీ ముందు బడిలో చేసే 16 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. చాలామంది దాన్ని లెసన్ ప్లాన్ రికార్డులు నింపడానికే ఖర్చుపెట్టేస్తారు. మీరు అలా చేయొద్దమ్మా.

హెచ్‌ఎం అనుమతి తీసుకుని ఆరో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి, రెండో తరగతి తెలుగు వాచకంలో ఓ పేరా చదివించండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు చాలు, నలభై మందైనా రెండు గంటల్లో అయిపోతుంది. ఎవరు గుణింతాల దగ్గర ఆగారో, ఎవరు ఒత్తులు మింగేశారో రాసుకోండి. ఆ కాగితం ముందు క్లాస్ టీచరుకే చూపించాలి. నేరుగా తల్లిదండ్రుల ముందు పెడితే ఆయన మీద ఫిర్యాదులా ఉంటుంది, ఆపైన మీతో ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో 75 శాతం మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మరి మీటింగ్ పగలు పదకొండింటికి పెడితే పత్తి ఏరడానికి పోయిన తల్లి ఎలా వస్తుంది? రిజిస్టరులో వేలిముద్ర మాత్రం పడుతుంది. పొద్దుగూకాక పెట్టమని అడగండి. ఎజెండాలో ఒక్కటే ఉండాలి: చదవడం రాని పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఎవరు, ఎక్కడ కూర్చోబెట్టాలి?

యూనివర్సిటీ పాత్ర ఎలా ఉండాలో తెలియాలంటే మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమం గురించి చదవండి. 1972లో 16 బడులతో మొదలై 1978లో జిల్లా అంతా పాకింది. ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు పల్లెటూరి టీచర్లతో కలిసి కూర్చుని ప్రయోగాలు తయారుచేశారు, తరగతిలో కుదరనివి మార్చారు. ప్రశ్నపత్రాలు ఇచ్చి నింపించుకుని వెళ్లిపోయే సర్వేకూ దీనికీ ఎంతో తేడా. ప్రభుత్వ నిర్ణయంతో 2002లో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో కూడా తప్పక చదవండి.

ఇక కోర్సు. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో రెండేళ్ల ఎంఏ ఎడ్యుకేషన్ మీకు సరిపోతుంది. టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ డైట్‌లో అధ్యాపకురాలు కావాలనుకుంటే ఎంఈడీ వైపు చూడండి. బీఈడీతో ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టు వస్తుందని మాత్రం లెక్కేసుకోకండి, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) రెండో పేపరు రాయండి. స్వచ్ఛంద సంస్థల్లో ఫీల్డ్ ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు నిధుల మీద నడుస్తాయి కాబట్టి, ఒప్పందం ఎన్నేళ్లకో చేరేముందే అడగండి.

కోర్సుకైనా ఉద్యోగానికైనా దరఖాస్తులో ఆ నలభై మంది పిల్లల వివరం పేర్లు లేకుండా రాయండి. మీటింగులో తేలినదీ, తేలకుండా మిగిలినదీ రెండూ రాయండి.