డాలస్‌లో రెండో ఇల్లు: అద్దె లోనును తీరుస్తుందా?

డాలస్ చుట్టుపక్కల ఉద్యోగంలో కుదురుకుని మూడు నాలుగేళ్లు గడిచిన తెలుగువారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ప్రాస్పర్‌లోనో, మెకిన్నీలోనో ఒక ఇల్లు కొని అద్దెకిస్తే ఆ అద్దెతోనే లోను తీరిపోతుంది కదా? పదహారేళ్లుగా ఇక్కడ ఉంటూ, రెండు అద్దె ఇళ్లు చూసుకుని, వాటిలో ఒకటి అమ్మేసినవాడిగా నా జవాబు ఇది: 7 శాతానికి దగ్గరగా వడ్డీ ఉన్నంతకాలం 25 శాతం డౌన్ పేమెంటుతో కొన్న ఇంటికి మామూలుగా తీరదు. నెలనెలా మన జీతంలోంచి కొంత కలపవలసి వస్తుంది. ఆ కలిపే మొత్తం ఎంతో కొనకముందే లెక్క వేసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటి ధర 4 లక్షల డాలర్లు, డౌన్ పేమెంటు లక్ష, మిగిలిన 3 లక్షలకు 7 శాతం వడ్డీతో 30 ఏళ్ల లోను, నెలకు అద్దె 2,400 డాలర్లు అనుకుందాం. ఏడాది అద్దె 28,800. ఆస్తి పన్ను 2.2 శాతం చొప్పున 8,800, బీమా 3,000, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రుసుము 600, ఇల్లు ఖాళీగా ఉండే రోజులకూ కొత్తవారిని తెచ్చే ఏజెంటు రుసుముకూ కలిపి ఒక నెల అద్దె 2,400, మరమ్మతులకు ఇంటి ధరలో ఒక శాతం 4,000. ఈ ఖర్చులన్నీ 18,800 పోగా మిగిలేది 10,000. లోను వాయిదాలు ఏడాదికి దాదాపు 23,950. అంటే నెలకు సుమారు 1,160 డాలర్లు మనమే వేసుకోవాలి. మొదటి ఏడాది అసలులో తీరేది దాదాపు 3,050 డాలర్లు మాత్రమే కాబట్టి, ‘లోను తీరుతోంది కదా’ అన్న ఓదార్పు కూడా మొదట్లో అంతంతమాత్రమే. ఇల్లు ఏటా మూడు నాలుగు శాతం పెరిగితే ఈ లోటు పూడి ఇంకా మిగులుతుంది. పెరగని ఏళ్లలో మిగిలేది లోటే.

ఈ లెక్కను తలకిందులు చేసేది ముఖ్యంగా ఆస్తి పన్ను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంతోషిస్తాం. స్కూల్ డిస్ట్రిక్టు, కౌంటీ, సిటీ తమ ఖర్చులకు ఇళ్ల మీదే ఎక్కువగా ఆధారపడతాయన్నది మరచిపోతాం. హైదరాబాదులో ఫ్లాటు అద్దెకిచ్చిన అలవాటుతో, ఏడాది ఇంటి పన్ను ఒక నెల అద్దెకు మించదనే లెక్కలో ఇక్కడికి వస్తాం. పై ఉదాహరణలో అది మూడున్నర నెలల అద్దెకన్నా ఎక్కువ. మనం నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది: స్కూల్ పన్నుకు లెక్కించే విలువలో 2025 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించిన సవరణ ప్రకారం 1,40,000 డాలర్లు తగ్గిస్తారు, పన్ను విధించే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు. అద్దె ఇంటికి ఈ రెండూ వర్తించవు. అలాంటి ఆస్తులకు 20 శాతం పరిమితి ఒకటి ఉంది గానీ, అది 2024 నుంచి 2026 వరకు తాత్కాలికంగా పెట్టినది.

ఈ విషయంలో నేను దెబ్బ తిన్నాను. మొదటి అద్దె ఇంటిని వయసు మళ్లిన దంపతుల దగ్గర కొన్నప్పుడు, వారు కట్టిన పన్ను రసీదు చూసి అదే నా ఖర్చని రాసుకున్నాను. 65 ఏళ్లు దాటినవారికి స్కూల్ పన్ను ఒక స్థాయి దగ్గర ఆగిపోతుందని, ఇల్లు చేతులు మారాక ఆ వెసులుబాటు కొన్నవారికి రాదని నాకు తెలియదు. మరుసటి ఏడాది ఎస్క్రోలో, అంటే పన్నుకూ బీమాకూ లోను కంపెనీ నెలనెలా మన డబ్బు జమ చేసే ఖాతాలో, లోటు ఏర్పడి, నెల వాయిదా ఒక్కసారిగా పెరిగింది. కొత్త ఇళ్లలో ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. పన్నుకు విలువ కట్టేది జనవరి 1 నాటి స్థితిని బట్టి కాబట్టి, ఆనాటికి ఖాళీ స్థలంగా ఉంటే మొదటి ఏడాది పన్ను స్థలానికే పడి, మరుసటి ఏడాది ఇంటికంతటికీ పడుతుంది. దానికి తోడు కొత్త కాలనీలలో నీళ్లు, మురుగు కాలువల ఖర్చుకు ఎంయూడీ, ఇతర వసతుల ఖర్చుకు పీఐడీ అనే అదనపు వడ్డింపులు ఉండవచ్చు. కనుక పాత రసీదును పక్కన పెట్టి, పన్ను రేటును మీరు కొనే ధరతో హెచ్చవేసి చూసుకోండి. ఏటా వచ్చే విలువ నోటీసు మీద మే 15 లోగా, లేదా నోటీసు అందిన 30 రోజుల్లోగా, ఏది తర్వాతైతే అప్పటిలోగా, అభ్యంతరం దాఖలు చేయండి. దానికి రుసుమేమీ లేదు.

మరమ్మతులకు ఒక శాతం ఎక్కువని అనిపించవచ్చు. ఉత్తర టెక్సస్ బంకమట్టి నేల తడికి ఉబ్బి, ఎండకు బిగుసుకుపోతుంది. ఎండాకాలంలో పునాది చుట్టూ నీళ్లు పెట్టని ఇంట్లో గోడలు బీటలిస్తాయి, తలుపులు పట్టేస్తాయి. అద్దెకున్నవారు ఆ నీళ్లు పెడతారని ఆశించకండి. వడగళ్లకు పైకప్పు పాడైతే బీమా డిడక్టిబుల్ సాధారణంగా శాతంలో ఉంటుంది. 4 లక్షల బీమాకు 2 శాతమంటే మొదటి 8,000 డాలర్లు మనవే. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి, పైపులు గడ్డకట్టి పగిలిన ఇళ్లలో నాదీ ఒకటి. అద్దెకిచ్చే ఇంటికి విడిగా ల్యాండ్‌లార్డ్ పాలసీ తీసుకోవాలని, మనం ఉండే ఇంటి పాలసీతో సరిపెట్టుకోకూడదని అప్పటికే తెలిసి ఉండడం వల్ల గట్టెక్కాను.

ఆదాయపు పన్ను సంగతికి వస్తే, నేల విలువ పోను కట్టడం విలువను 27.5 ఏళ్ల మీద తరుగుదలగా రాసుకోవచ్చు. మన ఉదాహరణలో కట్టడం 3.2 లక్షలనుకుంటే ఏటా 11,600 డాలర్ల పైమాట, దాంతో కాగితం మీద మంచి నష్టమే కనిపిస్తుంది. అయితే ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే 25,000 డాలర్ల వెసులుబాటు ఆదాయం లక్ష దాటినప్పటి నుంచి తరుగుతూ, 1,50,000 దగ్గర పూర్తిగా పోతుంది. భార్యాభర్తలిద్దరూ ఐటీలో ఉంటే ఆ గీత దాటే ఉంటారు. నష్టం రాబోయే సంవత్సరాలకు జమపడుతుందే తప్ప ఈ ఏడాది రిఫండు పెంచదు. తరుగుదల రాసుకోకపోయినా, అమ్మేటప్పుడు రాసుకున్నట్టే లెక్కించి 25 శాతం వరకు పన్ను వేస్తారు. కాబట్టి ఏ ఏడాదీ వదలకండి.

లోను తీసుకునేటప్పుడు ‘మేమే ఉంటాం’ అని సంతకం పెట్టి, తక్కువ వడ్డీకి తీసుకుని, మరునాడే అద్దెకివ్వమని సలహా ఇచ్చే మిత్రులుంటారు. అది ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్నవారు ఆ మాటే తలపెట్టకూడదు. ఇండియాలో అమ్మానాన్నలు డౌన్ పేమెంటుకు సాయం చేస్తే, ఏడాదిలో ఆ కానుక లక్ష డాలర్లు దాటినప్పుడు అమెరికా పన్ను శాఖకు ఫారం 3520 దాఖలు చేయాలి. దాని మీద పన్ను లేదు గానీ దాఖలు చేయకపోతే జరిమానా భారీగా ఉంటుంది. ఇక అద్దె ఇళ్ల సంఖ్య మీద హెచ్‌ఓఏ పరిమితి పెట్టిందేమో, ఆఫర్ వేసే ముందే ఆ నిబంధనల పత్రం చదవండి.

అద్దెకుండేవారిని ఎంచుకోవడంలో మనవాళ్లు చేసే పెద్ద తప్పు వాట్సాప్ గ్రూపుల్లో ‘తెలుగు ఫ్యామిలీస్ ఓన్లీ’ అని పెట్టడం. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడం చట్టవిరుద్ధం. 1988 సవరణతో పిల్లలున్న కుటుంబాలకు, వైకల్యం ఉన్నవారికి కూడా రక్షణ వచ్చింది. అంటే ‘పిల్లలు లేనివారికే’ అన్నా చిక్కే. ఎంపిక నియమాలను కాగితం మీద రాసి, దరఖాస్తుతో పాటు ఇవ్వాలని టెక్సస్ చట్టమూ అంటుంది. ఆదాయం, క్రెడిట్, పాత ఇంటి యజమాని మాట, ఈ మూడూ చూస్తే చాలు. ఇల్లు ఖాళీ చేసి కొత్త చిరునామా ఇచ్చినవారికి 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, కోసుకున్నదానికి లెక్క రాసివ్వాలి. దురుద్దేశంతో ఆపారని కోర్టు తేలిస్తే, ఆపిన మొత్తానికి మూడింతలు, మరో 100 డాలర్లు, వారి లాయరు ఖర్చు కట్టవలసి ఉంటుంది. ‘గోడకు రంగు వేయించాను’ అన్న మన ఊరి లెక్క ఇక్కడ చెల్లదు. వాడకంతో వచ్చే మామూలు అరుగుదలకు కోత పెట్టకూడదు.

హెచ్‌1బీ మీద ఉండి ఇల్లు కొనవచ్చు, అద్దె తీసుకోవచ్చు. దాన్నే ఒక వ్యాపారంగా రోజూ నడపాలంటే మాత్రం ఇమిగ్రేషన్ లాయరును అడగాలి. నా అసలు భయం వేరు. ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కోవడానికో దేశం వదలడానికో చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. సొంత ఇంటి వాయిదా, అద్దె ఇంటి లోటు కలిపి ఆరు నెలలకు సరిపడా డబ్బు పక్కన లేనివారు రెండో ఇంటి జోలికి పోవద్దని నేను గట్టిగానే చెబుతాను. తిరిగి ఇండియా వెళ్లి ఇక్కడ నాన్‌రెసిడెంట్ అయ్యాక ఇల్లు అమ్మితే, అమ్మకం ధరలో సాధారణంగా 15 శాతం ముందుగానే పట్టి ఉంచుతారు. అద్దె మీద కూడా, దాన్ని వ్యాపార ఆదాయంగా లెక్కించమని పన్ను శాఖకు తెలియజేయకపోతే, ఖర్చులు చూడకుండా మొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది.

అన్నీ చూశాక, కొత్తగా వచ్చినవారికి నేను సూచించే దారి నెమ్మదైనది. మొదట మీరు ఉండటానికి, రేపు అద్దెకు పోయే పరిమాణంలో ఒక ఇల్లు కొనండి. హోమ్‌స్టెడ్‌తో, తక్కువ వడ్డీతో కనీసం రెండేళ్లు అందులో ఉండి, పెద్ద ఇంటికి మారినప్పుడు దాన్ని అద్దెకివ్వండి. అమ్మే రోజుకు ముందటి అయిదేళ్లలో రెండేళ్లు నివసించి ఉంటే, దంపతులకు 5 లక్షల డాలర్ల వరకు లాభం మీద పన్ను ఉండదు, తరుగుదల భాగం తప్ప. కాబట్టి మారిన తర్వాత మూడేళ్లలోపు అమ్మాలా, ఉంచాలా అన్నది తేల్చుకోవాలి. మారిన వెంటనే బీమా పాలసీని మార్పించి, పన్నుకు ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టుకు తెలియజేసి ఆ ఇంటి మీది హోమ్‌స్టెడ్ తీయించుకోండి. అలాగే వదిలేస్తే వెనకటి సంవత్సరాల పన్ను కూడా తర్వాత వసూలు చేస్తారు.