అమ్మాయి అక్కడ బాత్రూమ్ కడుగుతోందంటే తట్టుకోలేకపోతున్నాను

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో విద్యార్థుల మార్పిడి కార్యక్రమానికి ఎంపికైంది. ఆగస్టు నుంచి సెయింట్ లూయిస్ శివారులో ఒక కుటుంబంతో ఉంటూ అక్కడి హైస్కూల్లో చదువుతోంది. మొన్న శనివారం ఎలా గడిచిందో పెద్ద మెసేజ్ పెట్టింది. పొద్దున్నే బాత్రూమ్ కడిగిందట. తర్వాత అందరూ కలిసి గేట్‌వే ఆర్చ్ అనే ఎత్తైన కమాను, పాత కోర్టు భవనం చూసి వచ్చారట. సాయంత్రం పెరట్లో రాలిన ఆకులు ఊడ్చి సంచులకెత్తిందట. రాత్రి బ్రెడ్డు, అరటిపండు తిని పడుకుందట. ఇక్కడ తిన్న కంచం కూడా తీయనివ్వకుండా పెంచాం. లిఫ్టు ఎక్కాలంటేనే భయపడే పిల్ల. మావారు ‘మన పిల్లను బానిసను చేశారు, వెనక్కి పిలిపిద్దాం’ అంటున్నారు. మా అత్తగారు ‘పంపింది నువ్వేగా’ అని రోజూ సాధిస్తున్నారు. ఏం చేయమంటారు? మెసేజ్ మొత్తం జతచేస్తున్నాను.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి రాసిందంతా నిదానంగా చదివాను. వెనక్కి పిలిపించకండి. ఆ ఇంట్లో ఆమెకు అన్యాయం జరుగుతున్నట్టు నాకు ఎక్కడా కనిపించలేదు. అయితే మీరు ఒక్క ముక్కలో దాటేసిన విషయం ఒకటి నన్ను కలవరపెట్టింది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు ఆ పనుల గురించి. ఫ్రిజ్ తలుపు మీద వారానికి ఎవరి పని ఏమిటో రాసిన కాగితం ఉంటుందని ఆమె రాసింది. బాత్రూమ్ ఈ వారం ఆమె వంతు, పోయిన వారం ఆ ఇంటావిడ వంతు. చెత్త డబ్బాలు రోడ్డు పక్కకు చేర్చడం 13 ఏళ్ల కొడుకు పని. గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దడం ఇంటాయన పని. ఆకులు ఊడ్చినప్పుడు నలుగురూ పెరట్లోనే ఉన్నారు. మీ ఉత్తరంలో మాత్రం మీ అమ్మాయి ఒక్కతే చీపురు పట్టుకుని ఉంది. దూరాన ఉన్న బిడ్డ గురించి చదివేటప్పుడు తల్లికి మిగతావాళ్లు కనిపించరు. అది సహజమే. కానీ నిర్ణయం తీసుకునే ముందు ఆ మిగతా ముగ్గురినీ కూడా చూడాలి.

ఇలాంటి కార్యక్రమాల్లో పిల్లలను ఇంట్లో ఉంచుకునే కుటుంబాలు అద్దె పుచ్చుకోవు, జీతమూ పుచ్చుకోవు. ఇష్టపడి తమ ఇంట్లో చోటిస్తాయి. వచ్చిన పిల్లను అతిథిలా కూర్చోబెడితే పది నెలలూ ఆమె పరాయిదిగానే ఉండిపోతుంది. ఆ కాగితం మీద తన పేరు రాశారంటే ఆమెను ఇంటి మనిషిగా లెక్కలో వేసుకున్నారన్నమాట.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట అంటాను, మరోలా అనుకోకండి. మీ అమ్మాయి వంట చేసిందనో, మొక్కలకు నీళ్లు పోసిందనో రాసి ఉంటే మీకు ఇంత బాధ కలిగేది కాదు. మిమ్మల్ని పొడిచింది బాత్రూమ్ అనే మాట. మన ఇళ్లలో ఆ పని చేసే మనిషి వేరే ఉంటుంది. ఆమె గ్లాసు కూడా కొన్ని ఇళ్లలో ఇంకా వేరుగానే ఉంటుంది. ఫలానా పని ఫలానా వాళ్లదే అని మనం తరతరాలుగా పంచిపెట్టుకున్నాం. అందుకే ఆ పని మన బిడ్డ చేతికి రాగానే మన పరువుకే దెబ్బ తగిలినట్టు అనిపిస్తుంది. తాను వాడే బాత్రూమ్ తాను కడుక్కోవడంలో మీ అమ్మాయికి అవమానం కనిపించలేదు. ఆ వాక్యం ఆమె ఎంత మామూలుగా రాసిందో మళ్లీ చూడండి. దయచేసి ఆ సిగ్గును మీరు ఆమెకు నేర్పకండి.

మీవారి మాట దగ్గరికి వస్తాను. ఆ రోజు ఆమె చూసిన పాత కోర్టు భవనం ఆర్చ్‌కు ఎదురుగానే ఉంటుంది. బానిసలుగా ఉన్న డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హారియెట్ 1846లో స్వేచ్ఛ కోసం సెయింట్ లూయిస్ కోర్టులో దావా వేశారు. 1850లో ఆ భవనంలోనే జ్యూరీ వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 1857లో అమెరికా సుప్రీంకోర్టు నల్లజాతివారు ఆ దేశ పౌరులే కాలేరని తీర్పిచ్చింది. ఆ దేశ చరిత్రకు మాయని మచ్చ అది. మీ అమ్మాయి ఆ గదుల గురించి ఎన్నో వాక్యాలు రాసింది. హారియెట్‌కు ఇద్దరు కూతుళ్లు ఉండేవారని, వాళ్లను కూడా అమ్మేసే హక్కు యజమానికి ఉండేదని తెలిసి చాలాసేపు అక్కడే నిలబడిపోయానని రాసింది. బానిసత్వమంటే ఏమిటో ఆ పిల్ల ఆ రోజే కళ్లారా చూసి వచ్చింది. అదే రోజు ఇంటి పెరడు ఊడ్చింది. రెండింటికీ తేడా ఆమెకు స్పష్టంగా తెలుసు. మీవారిని ఆ భాగం ఒకసారి చదవమనండి.

మరి నిజంగానే అన్యాయం జరిగితే తెలుసుకోవడం ఎలా? పని ఆమె ఒక్కదాని మీదే పడుతోందా, హోంవర్కుకూ నిద్రకూ సమయం చాలడం లేదా, ‘ఈ వారం కుదరదు’ అనడానికి భయపడుతోందా, ఫోను మాట్లాడనివ్వడం లేదా అన్నది గమనించండి. ఇంటి పిల్లలను చూసుకునే భారం రోజూ ఆమెకే వదిలేసినా ఊరుకోకూడదు. ఈ మార్పిడి కార్యక్రమం వీసా మీద వెళ్లిన హైస్కూలు విద్యార్థులు ఉద్యోగం చేయకూడదు. అప్పుడప్పుడు ఎవరి పిల్లలనో కాసేపు కనిపెట్టుకుని ఉండడం, తోట పనిలో సాయపడడం లాంటి వాటివరకే అనుమతి. ప్రతి విద్యార్థికీ ఒక స్థానిక సమన్వయకర్త ఉంటారు. నెలకు ఒకసారైనా ఆమెతోనూ ఆ కుటుంబంతోనూ మాట్లాడడం వారి బాధ్యత. అవసరమైతే ఇల్లు మార్పించగలిగేదీ వారి ద్వారానే. ఆ నంబరు మీ దగ్గర రాసిపెట్టుకోండి.

ఇక నన్ను కలవరపెట్టిన విషయం: బ్రెడ్డు, అరటిపండు. ఆ రాత్రి వాళ్లు వండిన కూరలో గొడ్డుమాంసం ఉందని, తాను తిననని చెప్పడానికి మొహమాటపడి ‘ఆకలి లేదు’ అన్నానని ఆమె రాసింది. ఇది ఆ ఒక్క రాత్రి సంగతేనా, తరచూ జరుగుతోందా? ఎదిగే పిల్ల, పైగా చలికాలం వస్తోంది. మన ఇళ్లలో వద్దన్న వాళ్లకు కొసరి కొసరి వడ్డిస్తాం. అక్కడ చాలా ఇళ్లలో ఒకసారి అడుగుతారు, వద్దంటే ఆ మాటను మన్నించి ఊరుకుంటారు. మీ అమ్మాయి రెండోసారి అడుగుతారని ఎదురుచూసి ఉంటుంది. వాళ్లు ఆమెకు నిజంగానే ఆకలి లేదనుకుని ఉంటారు. ఏం తింటుందో, ఏం తినదో ఒక కాగితం మీద రాసి ఆ ఇంటావిడ చేతికి ఇవ్వమనండి. వారంలో ఒక పూట తానే పప్పు, అన్నం వండి అందరికీ పెడతానని అడగమనండి. సెయింట్ లూయిస్ శివార్లలో భారతీయ కిరాణా దుకాణాలున్నాయి, కందిపప్పు దొరుకుతుంది. ఇంట్లో కంచం కూడా తీయనివ్వలేదన్నారు కదా, పప్పు వండడం ఫోనులో మీరే నేర్పండి.

ఫోను సంగతి కూడా చెప్పాలి. ఆమె కాలేజీలో ఉన్న కూతురు కాదు, 16 ఏళ్ల పిల్ల, మీ గొంతు వినకుండా ఉండమని నేననను. కానీ రోజూ గంటల తరబడి వీడియో కాల్‌లో ఉంటే ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడే సమయం ఆమెకు మిగలదు. వారానికి రెండుసార్లు చాలు. అక్కడ శనివారం రాత్రి తొమ్మిదైతే అక్టోబరులో మీకు ఆదివారం ఉదయం ఏడున్నర. ఇద్దరికీ తీరికైన వేళ అది. పనుల గురించి ఆరా తీయడంతో మొదలుపెట్టకండి. ఆర్చ్ గురించి అడగండి. 630 అడుగుల ఎత్తు అది. పైకి తీసుకెళ్లే పెట్టె చాలా చిన్నది, ఐదుగురు మోకాళ్లు తగిలేలా కూర్చోవాలి, నాలుగు నిమిషాల ప్రయాణం. లిఫ్టు ఎక్కాలంటేనే భయపడే మీ అమ్మాయి అందులో కూర్చుని పైకి వెళ్లి, చిన్న కిటికీలోంచి మిసిసిపీ నదిని చూసింది. ఎలా ధైర్యం తెచ్చుకుందో చెప్పాలని ఆమెకు ఎంతో ఉంటుంది. మీ ఇంట్లో ఇంతవరకు దాని గురించి ఎవరూ అడిగినట్టు లేదు.

మీ అత్తగారికి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం మీకు లేదు. ఆ పిల్ల పోటీపడి గెలిచి వెళ్లింది, మీరు ధైర్యం చేసి పంపారు. అది మంచి నిర్ణయం. అయినా పెద్దావిడకు మనవరాలి మీద బెంగ ఉంది, అది సాధింపుగా బయటపడుతోంది. ఆదివారం కాల్‌లో ఆమెనూ పక్కన కూర్చోబెట్టుకోండి.

రెండు మూడు వారాల్లో తిండి సంగతి కుదుటపడకపోతే ఆలస్యం చేయకుండా సమన్వయకర్తతో మాట్లాడండి. ఏమైందో నాకు కూడా రాయండి.