పాత బండికి ఎల్ఈడీ బల్బు వేయించొచ్చా?

ప్రశ్న: రాత్రి పదింటికి రాజాంలో కొట్టు కట్టేసి చీపురుపల్లి వెళ్తాను. నా పాత బండి లైటు అస్సలు ఆనడం లేదు. ఎల్ఈడీ వేసేయమంటున్నారు. వేయించనా?

జవాబు: తొందరపడకు తమ్ముడూ. ముందు రిఫ్లెక్టరు (బల్బు వెనకాల మెరిసే గిన్నె) మసకబారిందేమో, ఎర్త్ వైరు తుప్పు పట్టిందేమో చూపించు. తర్వాత బండిని న్యూట్రల్‌లో పెట్టి రేజ్ చెయ్యి. రేజ్‌తోపాటు వెలుగు పెరిగి తగ్గుతోందంటే లైటు బ్యాటరీ మీద కాదు, ఇంజను తిరిగితే పుట్టే కాయిల్ కరెంటు మీద మండుతున్నట్టు. దానికి మామూలు ఎల్ఈడీ తగిలిస్తే బండి నెమ్మదించినప్పుడల్లా మిణుకుమిణుకుమంటుంది. వైరింగు డీసీకి, అంటే బ్యాటరీ కరెంటుకి, మార్పించాకే వేయించు.

అసలు చిక్కు రిఫ్లెక్టరుతోనే. 35 వాట్ల హాలోజెన్ బల్బులో తీగ ఎక్కడుంటుందో ఆ చోటుకి లెక్కకట్టి దాన్ని చేస్తారు. ఎల్ఈడీ చిప్పులు సరిగ్గా అక్కడే కూర్చోకపోతే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. నేనూ ఒకసారి చవక బల్బు వేశాను. గరివిడి దగ్గర సైకిలు మీద ఎదురొచ్చిన తాత కళ్లు చెదిరి రోడ్డు దిగిపోయాడు. దెబ్బ తగల్లేదు గానీ ఆ రాత్రే పీకేశాను, ఇప్పటికీ ఆ ముఖం గుర్తుంది.

వెలుగు రంగుని కెల్విన్‌లలో చెప్తారు. 6500 కెల్విన్ నీలితెలుపు వద్దు, పొగమంచులో ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది. 4300 దగ్గర్లోది అడుగు. బిగించాక నువ్వు బండి మీద కూర్చుని, లో బీమ్ గోడ మీద వేయించు. వెలుగు పైఅంచు హెడ్‌లైటు ఎత్తుకంటే కిందే ఉండాలి.